దినచర్య దస్తావేజు

ఒకప్పుడు జమ్మలమడుగులో దస్తావేజు రాయించుకోవాలంటే ఆదినారాయణ అరుగు ఎక్కాల్సిందే. ఆయన రాసిన కాగితంలో కొట్టివేత ఉండదు, దిద్దుబాటు ఉండదు, మూడు తరాల తర్వాత మనవళ్లు తన్నుకుందామన్నా సందు దొరకదు. ముప్పైనాలుగేళ్లు ఆ పనే చేశాడు. అన్నదమ్ములను విడదీశాడు, స్థలాలను కలిపాడు, చచ్చినవాళ్ల మాటను బతికున్నవాళ్ల చేతికి అప్పజెప్పాడు. అంతటి రాతగాడిని పట్టుకొని నీ గురించి నువ్వొక పేజీ రాసుకోవయ్యా అంటే చేతులకు చెమటలు పట్టాయి. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందన్న సామెత ఊరికే పుట్టలేదు.

రాసుకోమన్నది ప్రొద్దుటూరులో బీపీ చూసే డాక్టరమ్మ. చిన్న వయసు. ఆయన చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, అంకె చూసి మొహం ముడుచుకుంది.

“రోజుకు ఎంతమందితో మాట్లాడతారు మీరు?”

ఆదినారాయణ నిజాయితీగా లెక్కపెట్టాడు. “ఈ పొద్దయితే ఇద్దురమ్మా. బస్సులో కండక్టరు ఒకడు.”

“రెండో ఆయన?”

“నువ్వే తల్లీ.”

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపింది. “ఇంట్లో ఎవరూ లేరా?”

“ఉండాది. ఈ ఊర్లోనే ఉండాది,” అన్నాడు ఆదినారాయణ.

ఆమెకు అర్థం కాలేదు. ఆయన విడమరచలేదు. మాత్రలతో పాటు రోజూ ఒక పేజీ రాయమని చెప్పి పంపించింది. ఏం తిన్నారు, ఏం చేశారు, మనసులో ఏముంది, అంతే. ఎవరికీ చూపించనక్కర్లేదట. ఆ చివరి మాట మాత్రం ఆదినారాయణకు మింగుడుపడలేదు. ఎవరూ చూడని కాగితానికి విలువేముంది?

ఆసుపత్రి నుంచి ఆయన నేరుగా బస్టాండుకు పోలేదు. ప్రతి నెలా పోయినట్టే బట్టల అంగళ్ల వెనక వీధి దాకా పోయాడు. వీధి మొదట్లో నిలబడి, మూడో ఇంటి మిద్దె పైకి చూశాడు. తీగ మీద కొత్త చీరలు ఆరేసి ఉన్నాయి, ఫాల్ కుట్టే ముందు నీళ్లలో జాడించినవి. ఆ చీరల వెనక గదిలో సరోజమ్మ ఉంటుంది. సరోజమ్మ ఆయన భార్య. కాసేపు చూసి, ఎవరైనా అడుగుతారేమోనన్న భయంతో వెనక్కి తిరిగాడు.

పద్నాలుగు నెలల కిందట, చీరల కుట్టుపని ఎక్కువగా ఉందట, నెలరోజులు తోడుండి వస్తానని చెప్పి ఆమె పిన్నమ్మ కూతురు నాగవేణి దగ్గరికి పోయింది. నెల రెండయింది, రెండు ఆరయ్యాయి. కుట్టుమిషను కోసం మనిషిని పంపించిన రోజున ఆదినారాయణకు సంగతి తెలిసిపోయింది. వాళ్లేమీ గొడవ పడలేదు. పడి ఉంటే బాగుండేది, గొడవకైతే రాజీ ఉంటుంది. పిల్లలు లేని ఇల్లు వాళ్లది. ఇద్దరే ఉన్న ఇంట్లో ఒకరు లేచిపోతే మిగిలేది సగం ఇల్లు కాదు, గోడలు.

ఆమె తిరిగి రావాలి. ఆయనకు కావలసింది అదొక్కటే. కానీ రమ్మని అడగాలంటే ముందు ఇంకొక మాట చెప్పాలి. ఆ మాట ఏ దస్తావేజులోనూ ఆయన రాసి ఎరగడు.

మర్నాడు పొద్దున కొళాయి నీళ్లు పట్టుకొని, రెండొందల పేజీల లాంగ్ నోటుబుక్కు ముందేసుకొని అరుగు మీద కూర్చున్నాడు. కలం విదిలించాడు. ముప్పైనాలుగేళ్ల చెయ్యి తన దారిన తాను పోయింది.

“కడప జిల్లా, జమ్మలమడుగు టౌను కాపురస్తుడు, కీర్తిశేషులు చిన్న ఓబయ్య గారి కుమారుడు, దస్తావేజు లేఖరి వృత్తిచే జీవించిన, సుమారు 59 సంవత్సరముల వయస్సు గల ఆదినారాయణ అను నేను, నాకు నేనే వ్రాసి ఇచ్చుకొన్న దినచర్య పత్రం ఏమనగా: ఈ దినం ఉదయం ఉప్మా చేసుకొని భుజించితిని. ఇతర విశేషములు ఏవియు లేవు. ఇందులో కొట్టివేతలు గానీ దిద్దుబాట్లు గానీ లేవు.”

కింద సంతకం పెట్టాడు. దాని కింద, ఎడమ పక్కన, “సాక్షులు” అని రాసి, ఒకటి, రెండు అని అంకెలు వేసి ఖాళీ వదిలాడు. అప్పుడు గానీ తను చేసిందేమిటో ఆయనకు తెలియలేదు. ఒంటరిగా నవ్వుకున్నాడు. నవ్విన చప్పుడుకు పక్కింటి రహమత్‌బీ గోడ మీంచి తొంగి చూసి, ఫోను కూడా లేకుండా నవ్వుతున్న మనిషిని చూసి జాలిపడి వెళ్లిపోయింది.

సాక్షుల విషయంలో ఆదినారాయణ మహా చాదస్తుడు. పల్లెల నుంచి వచ్చేవాళ్లు ఎవడు దొరికితే వాణ్ణి, తమ్ముణ్ణి, పెండ్లాన్ని సాక్షి సంతకానికి ముందుకు తోసేవాళ్లు. ఈయన ఒప్పుకునేవాడు కాదు. “సంబంధం ఉండేటోళ్లు పనికిరారప్పా. ఆ ఆస్తిలో ఏ హక్కూ లేనోళ్లు, పరాయోళ్లు కావాల. పరాయోడు చూసినా అంటేనే అది సాక్ష్యం” అని రోజుకు పదిసార్లు చెప్పేవాడు. ఒకసారి ఈయన స్నానానికి పోయినప్పుడు పెద్దముడియం రైతొకాయన తమ్ముణ్ణి వెంటబెట్టుకొని వస్తే, వంటింట్లోంచి సరోజమ్మే వచ్చి తేల్చేసింది. “మీ తమ్మునికి దాంట్లో భాగముండాది గదప్పా, సాక్షి యెట్లయితాడు? పొయ్యి పరాయోణ్ణి పిల్చకరాపో.” తడి ఒంటితో విన్న ఆదినారాయణ ఆ ముచ్చట ఏడాది పాటు ఊరంతా చెప్పుకు తిరిగాడు.

రెండో రోజూ ఉప్మానే, మూడో రోజూ విశేషములు ఏవియు లేవు. నాలుగో రోజు రాయడానికి ఏమీ దొరక్క, దస్తావేజు చివర స్థలానికి హద్దులు రాసినట్టు తనకు తాను హద్దులు రాసుకున్నాడు.

“తూర్పు: రహమత్‌బీ గారి గోడ. పడమర: మునిసిపాలిటీ వీధి. దక్షిణం: వంటిల్లు. ఉత్తరం: సరోజమ్మ కుట్టుమిషను ఉండిన చోటు, ప్రస్తుతం ఖాళీ. ఈ నాలుగు హద్దుల మధ్య నేనొక్కడినే.”

ఎన్ని వేల స్థలాలకు హద్దులు రాశాడో, ఏ హద్దూ ఇట్లా గుచ్చుకోలేదు. ఆ రోజు సాయంత్రం ఆసుపత్రి మాత్ర వేసుకోవడం కూడా మరిచాడు.

అలవాటంటే అంతే, మొదట మనం దాన్ని ఈడుస్తాం, తర్వాత అది మనల్ని ఈడుస్తుంది. రెండు వారాలు తిరిగేసరికి పొద్దున నోటుబుక్కు తెరవకపోతే పళ్లు తోముకోనట్టు ఉండసాగింది. భాష కూడా మెల్లగా నేలకు దిగింది. తండ్రి పేరు, వయస్సు, కాపురం రాయడం మానేశాడు. “భుజించితిని” పోయి “తిన్నాను” వచ్చింది. ఒకరోజు “చారులో ఉప్పు మరిచాను. అనేవాళ్లు లేరు” అని మాత్రం రాశాడు. ఇంకొకరోజు “బజారులో ఒకామె వెనక నుంచి సరోజ మాదిరి ఉంటే మెయిన్ రోడ్డు దాకా పోయాను. కాదు” అని రాశాడు. సాక్షుల అంకెలు మాత్రం ప్రతి పేజీ కిందా వేస్తూనే ఉన్నాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. వృత్తితో వచ్చిన బుద్ధి దానికంటే మొండిది.

ఇరవై ఆరో రోజున, ఏమీ అనుకోకుండానే, చెయ్యి ఆ సంగతికి పోయింది.

“సింహాద్రిపురం పొలంలోని చీనీ తోటలో తన భాగపు హక్కును సరోజమ్మ తన స్వఇష్టముతో, ఎవరి బలవంతమును లేక...”

కలం ఆగిపోయింది. ఈ వాక్యం ఆయన ఇంతకు ముందే ఒకసారి రాశాడు, మూడేళ్ల కిందట, అసలు దస్తావేజులో.

ఆ పొద్దు సరోజమ్మ అన్న హరినాథ్ ఒక సంచీ చీనీకాయలు, అవే బత్తాయిలు, ఒక పట్టుచీర తీసుకొని వచ్చాడు. తోట అన్నదమ్ములిద్దరి పేరుకూ మార్చుకోవాలి, చెల్లెలు తన హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టాలి. “నువ్వే రాయాల బావా, బయటోళ్లకిస్తే ఏం బాగుంటాది” అన్నాడు. ఆ పక్క పెద్ద కుటుంబాల్లో అదొక ఆచారం. ఆడబిడ్డకు చీర పెడతారు, సంతకం పెట్టించుకుంటారు. అడగడమనేది ఉండదు. అడిగితే ఆమెను అవమానించినట్టు, ఆమె ఇవ్వనంటే పుట్టింటిని అవమానించినట్టు. ఇక మొగుడు నోరు తెరిచి “నీకిష్టమేనా” అన్నాడో, బావ కన్ను చీనీ చెట్ల మీద పడిందని ఊరు ఊరంతా అంటుంది. ఆ మాట పడకూడదన్నది ఆదినారాయణ పౌరుషం. అందుకే అడగలేదు. గొప్పగా, దర్జాగా, తన ముత్యాల చేతిరాతతో తనే రాశాడు.

అడగకపోయినా తెలుసు ఆయనకు. ఆ తోటలో బావి పక్క మూలన ఉన్న అయిదు చెట్లు సరోజమ్మవి. పిల్లప్పుడు బిందెతో నీళ్లు మోసి పెంచింది. “ఈ అయిదూ నా బిడ్డవి, ఎవురూ చెయ్యి పెట్టగూడదు” అని వాళ్ల నాయన అనేవాడట. పెళ్లయిన కొత్తలో ఆమె ఈ ముచ్చట ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా ఈయన ఊ కొట్టాడు.

రిజిస్ట్రేషను పులివెందులలో. సాక్షిగా రమ్మని మక్బూల్‌ను కూడా కారెక్కించుకున్నారు. మక్బూల్ ఆదినారాయణ పక్క అరుగు మీద పాతికేళ్లు టైపు కొట్టినవాడు, ఉన్న ఒకే ఒక్క స్నేహితుడు. ఆఫీసు ముందు చెట్టు కింద ఆదినారాయణ దస్తావేజును భార్యకు చదివి వినిపించాడు, ఏ ముక్కూమొహం తెలియని మనిషికి వినిపించినట్టే, అదే గొంతుతో, అదే వేగంతో. ఆమె విన్నది. సంతకం పెట్టింది. లోపల రిజిస్ట్రారు ఇష్టమేనా అని అడిగితే తల ఊపింది. తర్వాత అందరూ హోటల్లో భోంచేశారు. ఆమె పెరుగన్నం కలిపి అట్లే వదిలేసింది. తిరిగి వచ్చేటప్పుడు తోటలు కనిపించినంత దూరం కిటికీలోంచి చూసి, అవి దాటిపోయాక అంది.

“నన్నడగల్యా నువ్వు.”

“అడిగేదేముంది, రాసినాం గదా” అన్నాడు ఆదినారాయణ.

ఆ తర్వాత ఆమె ఆ ఊసెత్తలేదు. దాదాపు రెండేళ్లు అన్నం వండింది, బట్టలు ఉతికింది, పండక్కు పిండివంటలు చేసింది. ఆ పట్టుచీర మాత్రం మడత విప్పలేదు. ప్రొద్దుటూరు పోయేటప్పుడు బీరువాలోనే వదిలి పోయింది.

అరుగు మీద ఎండ కాళ్ల దాకా వచ్చింది. ఆదినారాయణ ఆ వాక్యాన్ని చూస్తూ కూర్చున్నాడు. కొట్టివేత లేకుండా ముప్పైనాలుగేళ్లు రాసిన మనిషి. చివరికి స్కేలు కూడా పెట్టుకోకుండా, వంకరగా, ఈ చివర నుంచి ఆ చివరికి గీత గీశాడు. దాని కింద రాశాడు.

“పై వాక్యం అబద్ధం. నేను అడగలేదు. అడిగితే ఇవ్వనంటుందని నాకు తెలుసు. తెలిసే అడగలేదు. నా పరువు కోసం దాని అయిదు చెట్లు నా చేత్తోనే రాసిచ్చాను. తప్పు నాది. కొట్టివేతలు: ఒకటి.”

రాశాక వచ్చింది ఏడుపు. మగవాడు అరుగు మీద కూర్చొని ఏడిస్తే వీధి చూస్తుందని లోపలికి పోయి ఏడ్చాడు. మిషను ఉండిన చోట చతికిలబడి, వెక్కిళ్లు పట్టేదాకా ఏడ్చాడు. మొహం కడుక్కొని వచ్చి చూస్తే, పేజీ కింద “సాక్షులు” అన్న మాట, రెండు అంకెలు, పక్కన ఖాళీ. ఇన్నాళ్లూ అది ఉత్త అలవాటు. ఈ పొద్దు ఆ ఖాళీ ఆయన్ను కూర్చోనివ్వలేదు. ఇది ఒక మనిషైనా చూడాలి. చూసి, నిజమేనని ఒప్పుకోవాలి.

మక్బూల్ ఇప్పుడు జమ్మలమడుగు రిజిస్ట్రారు ఆఫీసుకు ఎదురుగా కంప్యూటర్ సెంటరు పెట్టుకున్నాడు. నోటుబుక్కు అతని ముందు పెట్టి, “మక్బూలూ, ఈడొక సాక్షి సంతకం పెట్టప్పా” అన్నాడు ఆదినారాయణ.

“ఏందన్నా ఇది? నోటుబుక్కుకు సాక్షేంది?” అని నవ్వబోయిన మక్బూల్ చదవడం మొదలుపెట్టాక నవ్వలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ మొదటి నుంచి చదివాడు.

“ఆ పొద్దు గూడా నేనే గదన్నా సాక్షిని,” అన్నాడు. “ఇష్టంతోనే పెట్టిందని నేనూ సంతకం గీకినా. ఆయమ్మ మొగం పక్కకన్నా చూళ్ళేదు. భోజనం యాడ పెట్టిస్తారా అనే ధ్యాసలో ఉంటి.” నోటుబుక్కు మూసి వెనక్కి నెట్టాడు. “మళ్లా ఏ మొగం పెట్టుకొని పెట్టాల నేను? నాకు చూపిస్తే ఏమొస్తాదన్నా? ఎవురు చూడాల్నో వాళ్లకు చూపిచ్చుపో.”

మర్నాడు పొద్దున పదిన్నరకు ఆదినారాయణ ప్రొద్దుటూరులో ఆ వీధి మొదట్లో ఆగలేదు. మెట్లెక్కాడు. పంతొమ్మిది మెట్లే, తొంభై అయినట్టు ఆయాసపడ్డాడు.

సరోజమ్మ ఒళ్లో ఆకుపచ్చ చీర పరుచుకొని అంచుకు ఫాల్ కుడుతోంది. కళ్లజోడు కొత్తది. కొంచెం సన్నబడింది, కానీ మొహం తేటగా ఉంది. ఆయన్ను చూసి సూది చీరకే గుచ్చి పక్కన పెట్టింది. ఆశ్చర్యపోలేదు.

“రా. కూచ్చో. తిన్యావా?”

“తింటి.”

“ఉప్మానేనా?”

“ఊఁ.”

నీళ్లిచ్చింది. నాగవేణి పీకో వేయించాల్సిన చీరలు తెస్తానని కిందికి దిగింది. నిజానికి ఆమెకు కింద ఏ పనీ లేదు. ఆదినారాయణ దారి పొడుగునా కూర్చుకొన్న మాటలన్నీ మరిచిపోయి, సంచీలోంచి నోటుబుక్కు తీసి ఇచ్చాడు. “డాక్టరమ్మ రాయమన్యాది. రాస్తాండా. చూడు.”

ఆమె మొదటి పేజీ నుంచి చదివింది. నాకు నేనే వ్రాసి ఇచ్చుకొన్న పత్రం దగ్గర పెదవి కొంచెం వంగింది. హద్దుల దగ్గర ఆగి, వేలితో ఆ ఉత్తరం వైపు వరసను తడిమింది. చారులో ఉప్పు దగ్గర ఆయన వైపొకసారి చూసింది. ఆదినారాయణ స్టూలు అంచున, పరీక్ష ఫలితం కోసం వచ్చిన పిల్లోడి మాదిరి కూర్చున్నాడు. ఇరవై ఆరో పేజీ వచ్చింది. ఆమె దాన్ని చదవడం ఎప్పుడో అయిపోయి ఉండాలి, అయినా పేజీ తిప్పలేదు. కళ్లజోడు పైకి నెట్టి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“ఇన్నేండ్లలో నువ్వు కొట్టేసింది ఇదొకటే,” అంది.

“ఊఁ. ఒకటే.” అన్నాడు ఆయన. “తప్పయిపాయె సరోజా. అడగల్సింది.”

ఆ మాట ఇంత చిన్నదని ఆయనకు తెలియదు. మూడేళ్లు ఈ చిన్న మాట కోసమా తను హద్దుల్లో బందీగా పడి ఉన్నదని అనిపించింది. సరోజమ్మ చెయ్యి చాపింది. “కలమియ్యి.”

ఆదినారాయణ జేబులోని కలం మూత తీసి ఇచ్చాడు. తప్పు ఒప్పుకున్నాడు, ఆమె కళ్లు తుడుచుకుంది, కలం అడిగింది. ఇంకేం కావాలి? అయిదింటి బస్సుకు ఇద్దరం పోవచ్చనుకున్నాడు. బీరువాలోని ఆ చీర ఎవరికైనా ఇచ్చేయాలనుకున్నాడు. వంటింట్లో పప్పు నిండుకుందని కూడా గుర్తొచ్చింది.

ఆమె పేజీ అడుగుకు పోయింది. “సాక్షులు” అన్న మాట కింద, ఒకటో అంకె పక్కన, నిదానంగా అక్షరం అక్షరం రాసింది: సరోజమ్మ. సాక్షి సంతకంలో పేరు తర్వాత ఊరు రాయాలి. ఆమె అదీ మరవలేదు. పేరు కింద రాసింది: ప్రొద్దుటూరు.

“సరోజా,” అన్నాడు ఆదినారాయణ. చెయ్యి తనకు తెలియకుండానే పైకి లేచింది, అరుగు మీద రైతులను ఆపినట్టు. “అది సాక్షి సంతకం. సంబంధం ఉండేటోళ్లు ఆడ...”

“తెలుసు,” అంది సరోజమ్మ. “ముప్పై ఏండ్లు వింటి గదా.”

కలానికి మూత పెట్టి తిరిగి ఇచ్చింది. నోటుబుక్కు మూసి, అట్ట మీద పడ్డ దారప్పోగు తీసేసి, రెండు చేతులతో అందించింది. కోపం లేదు ఆమె మొహంలో. అదే ఆయనకు భరించరానిదైంది. “బాగ రాస్తాండావు. రాసేది మాత్రం ఇడ్సొద్దు,” అంది. “ఎండెక్కక ముందే పో. బీపీ మాత్ర ఏసుకో.” అని చీర ఒళ్లోకి లాక్కొని, గుచ్చి ఉంచిన సూదిని వెతికి పట్టుకుంది.

బస్టాండులో జమ్మలమడుగు బస్సుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. సిమెంటు బెంచీ మీద ఒక చివర ఆదినారాయణ కూర్చున్నాడు. పక్కన చీనీకాయలు అమ్మే ఆమె బుట్ట దించి నీళ్లు చల్లుకుంటోంది. ఆయన నోటుబుక్కు తెరిచి, తారీఖు వేసి, తండ్రి పేరూ కాపురమూ లేకుండా రాశాడు.

“ఈ రోజు సరోజమ్మ నా మీద తనకున్న హక్కు వదులుకొని సంతకం పెట్టింది. తన స్వఇష్టంతో. ఎవరి బలవంతమూ లేదు. ఆమె మొహం నేను చూశాను.”

ఎన్ని వేల దస్తావేజుల్లో రాశాడో ఆ మాట. నిజమని తెలిసి రాయడం ఇదే మొదలు. కింద సాక్షులు అని రాయబోయి ఆగాడు, రాయలేదు.